వరలక్ష్మమ్మ చూసిన ఓడ సినిమా

నరసింగరావు తన నలభై ఏళ్ళ బతుకులో చాలామందిని ఏడిపించాడు గానీ, సొంత అక్కని సినిమాకి తీసుకెళ్ళి మేనకోడలి సంబంధం చెడగొట్టుకోవడం మాత్రం అదే మొదటిసారి.

అతను భిలాయి ఉక్కు ప్లాంటులో, రైలు పట్టాలు చేసే మిల్లులో క్రేన్ ఆపరేటరు. చదువంటారా, ఎనిమిదో తరగతి గుమ్మందాకా వెళ్ళి, లోపల లెక్కల మాస్టారు కనిపించేసరికి వెనక్కి తిరిగొచ్చింది. వాడకుండా మిగిలిపోయిన తెలివంతా వేళాకోళంలోకి మళ్ళింది. కొత్తగా ప్లాంటులో చేరిన కుర్రాళ్ళకి, "ముందుగా అర్జీ పెట్టుకుంటే మీ పుట్టినరోజునాడు సైరను ఒక కూత ఎక్కువ కూస్తాదిరా" అని చెప్పి, ముగ్గురిచేత నిజంగానే అర్జీలు పెట్టించిన ఘనుడు. భిలాయిలో ఏ తెలుగువాళ్ళ పెళ్ళిలోనైనా కాఫీలో ఉప్పు పడిందంటే వంటవాణ్ణి ఎవరూ తిట్టరు. నరసింగరావు ఏ మూల కూర్చున్నాడో చూస్తారు.

అతను అప్పా అని పిలిచే ఆ అక్క వరలక్ష్మమ్మ. బావ గురునాథరావు బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసు లైన్ల మీద ఫోర్‌మన్. ఆయన మాట్లాడడం తక్కువ. షిఫ్టుకి సైకిలు బయటికి తీసేటప్పుడు గేటు దగ్గర నిలబడి వరలక్ష్మమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది.

"ఇవాళ బైటెవరు?"

"పరబ్రహ్మం," అంటాడాయన. ఆమె గేటు వేసుకుని లోపలికి వెళ్ళిపోతుంది.

పెళ్ళై భిలాయి వచ్చిన నాటినుంచీ ఇదే వరస. కొలిమి గ్యాసుకి రంగుండదు, వాసనుండదు. పీల్చిన మనిషి మిగలడు. అందుకని ఒకడు లోపలికి వెళ్తే, ఇంకొకడు బయట నిలబడి వాడిమీదనుంచి చూపు తిప్పకుండా ఉండాలి. గురునాథరావుకి అలా బయట నిలబడే మనిషి పరబ్రహ్మం. ఒకసారి ఆ పరబ్రహ్మం మధ్యలో టీ తాగడానికి వెళ్ళాడని తెలిసి, వరలక్ష్మమ్మ మరోదా కాలనీలో వాళ్ళ క్వార్టరుకి వెళ్ళి, అతన్ని పెళ్ళాం ముందే దులిపేసి వచ్చింది. అప్పటినుంచి అతను డ్యూటీలో టీయే మానేశాడు. నరసింగరావు మాత్రం ఇంటికొచ్చిన చుట్టాలందరికీ, "మా అప్పది పొద్దున్నే వేదాంతమండి. బైటెవరూ అంటాది. పరబ్రహ్మం అంటాడు మా బావ. ఇంక పూజేటి, పునస్కారమేటి!" అని చెప్పి నవ్విస్తుంటాడు.

వాళ్ళకి ఒక్కతే కూతురు కుసుమ. బియ్యే పూర్తిచేసింది. హిందీలో ఆలోచించుకుని తెలుగులో మాట్లాడే పిల్ల. దసరాకి వైశాలి నగర్‌లో ఒక గృహప్రవేశంలో శ్యామసుందర్ అనే విశాఖపట్నం కుర్రాడు ఈ పిల్లని చూశాడు. సరుకులు మోసే ఓడలో ఫోర్త్ ఇంజనీరు. అతను హిందీలో మంచినీళ్ళు అడగబోయి ఏదో అడిగితే, కుసుమ నవ్వి సరిదిద్ది, ఆ తర్వాత అరగంటసేపు ఇద్దరూ ఆ గ్లాసు దగ్గరే నిలబడిపోయారు. అది చూసినవాడు నరసింగరావు. ఇంకేముంది, రెండువైపులా అతనే కబుర్లు మోసి సంబంధం దాకా తెచ్చాడు. కుర్రాడు మళ్ళీ ఓడ ఎక్కేలోగా ఒకసారి వచ్చి వెళ్ళాలనీ, వరలక్ష్మమ్మ సరేనంటే తాంబూలాలు పుచ్చుకోవాలనీ అనుకున్నారు.

అంతా బాగానే ఉండేది. మధ్యలో ఆ సినిమా రాకపోతే.

టౌన్‌షిప్ మైదానంలో తెర కట్టి సినిమాలు వేస్తారు. ఎవరి చాప వాళ్ళు తెచ్చుకోవాలి. ఆ శనివారం ఓడ సినిమా అని తెలిసి నరసింగరావు పరిగెత్తుకొచ్చాడు.

"అప్పా! అల్లుడి ఆఫీసు చూద్దువుగాని రా!"

వీళ్ళు వెళ్ళేసరికి ముందువైపు నిండిపోయింది. తెర వెనకవైపు చాప పరిచారు. అక్కడ అంతా తిరగేసి కనిపిస్తుంది. కెప్టెన్ ఎడమచేత్తో సలాం కొట్టాడు. "మొత్తం ఓడంతా ఎడంచేతివాటం వాళ్ళేటే!" అని నరసింగరావు నవ్వించాడు. అక్కడితో నవ్వులు అయిపోయాయి. తుఫాను వచ్చింది. కొండంత కెరటం వచ్చి ఆరుగుర్ని ఒక్క గుక్కలో మింగింది. స్తంభం విరిగి వంటవాడి మీద పడింది. ఇంజన్ రూములోకి నీళ్ళు వచ్చేస్తుంటే పైనుంచి తలుపు గడియ పెట్టేశారు. మిగిలినవాళ్ళు ఒక చెక్కపట్టుకుని తేలుతుంటే సొరచేపలు చుట్టూ ప్రదక్షిణాలు చేశాయి. పక్కచాప మీది ఛత్తీస్‌గఢీ ముసలమ్మ "ఏ దాఈ!" అని అమ్మని పిలుస్తూ గుండెలు బాదుకుంది.

ఇంటికి వచ్చాక వరలక్ష్మమ్మ చెప్పులు విడిచి అప్పుడంది.

"ఒరే నర్సింగా, నా పిల్లని ఆ ఇంజన్ రూముకి ఇవ్వను."

"పిల్లనా ఇంజన్ రూముకి ఇచ్చీది? అది ఒడ్డునుంటాది గదప్పా!"

"ఒడ్డునుండి ఏటి చేస్తాది? తలుపు గడియెట్టీసారని ఎవులో వచ్చి చెప్తే వినాలా?"

కుసుమ వంటింట్లోకి వెళ్ళి, ఉన్న గిన్నెలన్నీ అవసరం లేకపోయినా ఇంకోసారి తోమింది. ఆ చప్పుడు నరసింగరావుకి లోపల ఎక్కడో గీసుకుంది. అతనికి పిల్లలు లేరు. ఈ పిల్లని సైకిలు బార్ మీద కూర్చోబెట్టుకుని ఉతై సంత దాకా తిప్పినవాడు.

మర్నాటినుంచి అతను అబద్ధాల షిఫ్టు ఎక్కాడు. ఓడ మన సెక్టారంత ఉంటుందన్నాడు. అందులో కొత్తిమీర మడి ఉంటుందన్నాడు. సముద్రం ఒడ్డునే అల్లరి చేస్తుందనీ, మధ్యకి వెళ్తే మన మరోదా చెరువులా పడుకునుంటుందనీ చెప్పాడు.

"నువ్వు ఎల్లేవా మధ్యకి?" అంది వరలక్ష్మమ్మ చేటలో బియ్యం ఎగరేస్తూ.

"భీమిలిలో మోకాళ్ళ దాకా ఎల్లేనప్పా."

"మరి నోర్ముయ్యి."

కుసుమ ఒక్కసారే అడిగింది, అతన్ని గేటు దాకా సాగనంపుతూ. "మావయ్యా, సచ్ బోలో. ఆ సినిమాలోలాగే ఉంటుందా?"

నరసింగరావుకి మొట్టమొదటిసారి వేళాకోళం నోటికి అందలేదు. "నాకు తెల్దమ్మా," అన్నాడు. "అతన్నే రానీ."

కుర్రాడు వస్తున్నాడని ముందే మాటైపోయింది. వచ్చినవాడికి భోజనం పెట్టి, మర్యాదగా 'వద్దు' అని చెబుదామని వరలక్ష్మమ్మ నిర్ణయించుకుంది.

ఆ తర్వాతి శనివారం పొద్దున్న దుర్గ్ స్టేషన్లో శ్యామసుందర్‌ని దించుకుని, తన క్వార్టరుకి తీసుకెళ్ళే దారి పొడుగునా నరసింగరావు పాఠం చెప్పాడు.

"బాబూ, మా అప్ప ఓడలో భయముందా అని అడుగుద్ది. నువ్వు ఏటనాల? లేదనాల. తుఫానుందా? నాను చూడలేదనాల. ఓడ కదులుద్దా? మీ ఇంట్లో ఉయ్యాలబల్లంత అనాల."

"అబద్ధమాడమంటారా అండీ?"

"అబద్ధం కాదయ్యా, తాలింపు!"

కుర్రాడు నవ్వాడు గానీ అవుననలేదు, కాదనలేదు. ఆ నవ్వు నరసింగరావుకి నచ్చింది. నచ్చినవాళ్ళని ఏడిపించకుండా ఉండలేకపోవడం అతని జబ్బు. సరిగ్గా ఆ సాయంత్రమే మైదానంలో ఉక్కు కర్మాగారం సినిమా ఒకటి వేస్తున్నారు.

"మా ప్లాంటు చూద్దువుగాని రా," అన్నాడు ఏమీ ఎరగనట్టు. "మా బావ పనిచేసీ చోటు అచ్చం అలగే ఉంటాది. ఒక్క పిసరు తేడా ఉండదు."

ఈసారి తొందరగా వెళ్ళి ముందువైపు చోటు పట్టారు. ఒక చాప మీద గురునాథరావు, శ్యామసుందర్, నరసింగరావు. పక్కచాప మీద తల్లీ కూతుళ్ళు. తను 'వద్దు' అని చెప్పబోయే కుర్రాడికి ఎదురుగా కూర్చోవడం ఇష్టంలేక వరలక్ష్మమ్మ కొంగు కప్పుకుని తెరవైపే చూస్తోంది.

సినిమాలో హీరో కొలిమి పనివాడు. చొక్కా లేదు. హెల్మెట్ లేదు. కాళ్ళకి తోలు చెప్పులు. వెనకాల కరిగిన ఇనుము ఏరులా పారుతుంటే, ఈయన పక్కనే నిలబడి జుట్టు దువ్వుకున్నాడు. మైదానమంతా గొల్లుమంది. హీరోయిను నైలాన్ చీర కట్టుకుని క్యారేజీ పట్టుకొచ్చి, ఆ నిప్పులేటి గట్టుమీద కూర్చుని ముద్దలు తినిపించింది.

"ఓలమ్మ!" అంది వరలక్ష్మమ్మ, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా. "నైలాన్ చీరా! గట్టుమీదకి ఎల్లేలోపే కరిగి ఒంటికి అంటుకుపోదూ!"

తర్వాత విలన్లు వచ్చారు. హీరో ఎర్రగా కాలుతున్న ఇనప దిమ్మని రెండు చేతులతో ఎత్తి వాళ్ళమీదికి విసిరాడు. పదిమందిని కొట్టాక, వేలాడే గొలుసు పట్టుకుని కరిగిన ఇనుము గంగాళం మీదుగా ఊగుతూ అవతలికి వెళ్ళాడు.

సినిమాల్లో ఎప్పుడూ నోరు తెరవని గురునాథరావు కూడా, "క్రేన్ డ్రైవరు భోజనానికి ఎల్లినట్టున్నాడు," అన్నాడు. నరసింగరావు పొట్ట పట్టుకున్నాడు. ముందు వరసలో ఎవరో "అరే భాయ్, ఇస్ కో ఓవర్‌టైం దో!" అని అరిచారు. వరలక్ష్మమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

మైదానం మొత్తంలో నవ్వనివాడు ఒక్క శ్యామసుందరే. మోకాళ్ళు పట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. దీపాలు వెలిగాక గురునాథరావు చేతులవైపు, మెడవైపు దొంగచూపులు చూశాడు. ఇంటికి నడుస్తూ ఇక ఆగలేక అడిగేశాడు.

"బాబాయిగారూ, రోజూ... అలాంటి చోటకేనా మీరు వెళ్ళేది?"

నరసింగరావు గోడవైపు తిరిగి నోట్లో రుమాలు కుక్కుకున్నాడు.

"పిన్నిగారూ, మీరెలా పంపిస్తున్నారండీ?" అన్నాడు కుర్రాడు పాపం మనస్ఫూర్తిగా. "మా అమ్మ కూడా అదే భయపడుతోంది. ఈ సినిమా విశాఖపట్నంలో తను ముందే చూసింది. నిప్పుల్లో బతికే ఊరు, ఆ పిల్ల నాన్నగారి ఒంటిమీద ఎన్ని బొబ్బలున్నాయో చూసి రారా, ఆ ఊళ్ళో పిల్లనెలా చేసుకుంటాం అని..."

వరలక్ష్మమ్మ ఫక్కున నవ్వింది. "వెర్రినాయనా! అది సినిమా బాబూ! అలాగ నిలబడితే మనిషుంటాడా? ఆళ్ళకేటి తెలుసు? కొలిమి దగ్గర పాటలేటి, ఫైటింగులేటి! మా ఆయనకి పాతికేళ్ళలో వేలు కాల్లేదు. అసలు భయం నిప్పుతో కాదు, కంటికి కనపడందాంతోటి. అది సినిమావోడు ఎలాగ తీస్తాడు?"

అని, రెండడుగులు వేసి ఆగిపోయింది. వీధిదీపం కింద ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉంది గానీ, దానిమీద ఇంకేదో ఆలోచన వచ్చి కూర్చుంది. నరసింగరావు అది చూశాడు. ఏదో అనబోయిన నోటిని రెండుచేతులతో మూసుకున్నంత పని చేశాడు.

"మరి..." అంది వరలక్ష్మమ్మ. "ఓడలో తుఫానొస్తే?"

కుర్రాడి వెనకనుంచి నరసింగరావు వేళ్ళతో ఉయ్యాలబల్ల గీసి చూపించాడు. శ్యామసుందర్ అటు చూడలేదు.

"వచ్చిందండి ఒకసారి. రెండ్రోజులు. వంటింట్లో పొయ్యి వెలగలేదు, రొట్టె తిన్నాం. బల్లమీద తడిగుడ్డ పరుచుకుని దానిమీద కంచాలు పెట్టుకోవాలి, లేకపోతే జారిపోతాయి. నేను మొదట వారమంతా వాంతులు చేసుకున్నాను."

"హీరో చేసుకోడు," అంది కుసుమ మెల్లగా. ఆ సాయంత్రం ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"హీరో ఎప్పుడూ తుప్పు కూడా గీకడండి," అన్నాడతను ఆమెవైపు తిరిగి. "ఓడలో సగం బతుకు తుప్పు గీకడమే. మిగతా సగం రంగు వెయ్యడం."

"భయమెయ్యలేదా బాబూ?" అంది వరలక్ష్మమ్మ.

"వేసిందండి. కానీ ఇంజను ఆగకుండా చూసుకోవడంతో సరిపోయింది. బాగా భయపడ్డానికి తీరిక దొరకలేదు."

నరసింగరావు నుదురు కొట్టుకున్నాడు. తాలింపు లేదు సరికదా, ఉప్పు కూడా వెయ్యకుండా వడ్డించేస్తున్నాడు!

మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కంద బచ్చలికూర, పరమాన్నం చేశారు. గురునాథరావు ఇంట్లో మడతబల్ల ఒకటుంది. దానికి ఒక కాలు పొట్టి. కింద చెక్కముక్క పెడితే గానీ నిలవదు. మగవాళ్ళు ముగ్గురూ దానిచుట్టూ కూర్చున్నారు. వరలక్ష్మమ్మ వడ్డిస్తోంది. కుసుమ వంటింటి గుమ్మంలో ఉంది. ఇంకాసేపట్లో అప్ప 'వద్దు' అంటుందో 'సరే' అంటుందో తెలియక నరసింగరావుకి ముద్ద దిగడంలేదు. అది ఎవరూ నమ్మరు గనక అతను మామూలుగానే మూడోసారి కూర వేయించుకున్నాడు.

వరలక్ష్మమ్మ గరిటె గిన్నెలో పెట్టింది.

"బాబూ, నిన్న నాను మా కొలిమి సంగతి నిజం చెప్పేను. ఇప్పుడు నువ్వు చెప్పు. మీ ఓడలో దేనికి భయపడాల?"

నరసింగరావు బల్లకింద కుర్రాడి కాలు తొక్కాడు. తొక్కింది బావ కాలు. గురునాథరావు చిరాగ్గా చూశాడు.

"రెంటికండీ," అన్నాడు శ్యామసుందర్. "రేవులో ఓడని కట్టే మోకు మరీ బిగిసి తెగిందంటే, దాని దారిలో ఉన్నవాడి కాళ్ళుండవు. అందుకని ఎప్పుడూ పక్కకి నిలబడాలి. రెండోది మూసున్న ట్యాంకులు. చూడ్డానికి ఖాళీగా, శుభ్రంగా ఉంటాయి. నిప్పుండదు, నీళ్ళుండవు. కానీ ఎన్నాళ్ళో మూసుంటే లోపలున్న తుప్పే గాలిని తినేస్తుంది. దిగినవాడికి ఏమవుతోందో తెలియదు. కళ్ళు తిరుగుతున్నాయనుకునేలోపే అయిపోతుంది."

గురునాథరావు కలుపుతున్న అన్నం వదిలేసి తలెత్తాడు.

"వాసనుండదు," అన్నాడు.

"ఉండదండి."

"దిగీముందు?"

"మూత తీసి గాలి ఆడనిచ్చి, దీపం దింపి చూస్తామండి. దీపం ఆరిందంటే ఎవరూ దిగరు. ఆరకపోయినా ఒక మనిషి పైన మూత దగ్గర ఉండాల్సిందే."

"లోపలోడు పడిపోయేడనుకో. పైనున్నోడు ఏటి చెయ్యాల?"

బావ ఇన్ని మాటలు వరసగా మాట్లాడడం నరసింగరావు తన పెళ్ళిలో కూడా వినలేదు. సినిమా చూసినవాడెవడైనా చెప్పే జవాబు ఒక్కటే ఉంది. అది చెప్పాడో, సంబంధం గంగలో కలిసినట్టే.

"దిగకూడదండి," అన్నాడు శ్యామసుందర్. "గంట కొట్టాలి. గాలి సిలిండరు తగిలించుకున్నవాళ్ళు వచ్చి దిగాలి. కళ్ళముందు స్నేహితుడు పడిపోతే దూకకుండా నిలబడడమే అన్నిటికంటే కష్టం. సినిమాలో అయితే హీరో దూకేస్తాడు, ఇద్దరూ బయటికొస్తారు. ఓడలో దూకితే ఒకడితో పోయేది ఇద్దరవుతుంది."

గురునాథరావు మళ్ళీ అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు. తరవాత పెళ్ళాంవైపు చూసి, కొంచెమే, గడ్డం కిందికి దించాడు.

వరలక్ష్మమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. వడ్డన మధ్యలో ఆమె అలా కూర్చోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

"మరి నువ్వు దిగినప్పుడు," అంది, "బైటెవరు?"

"జోసఫ్ అని, కొచ్చిన్ అతనండి. పంప్‌మేన్."

"మంచోడేనా?"

"మంచివాడండి."

"మంచోడంటే కాదు. మధ్యలో టీకి ఎల్తాడా?"

శ్యామసుందర్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఎటు చూడాలో తెలియక గుమ్మంవైపు చూశాడు. అక్కడ కుసుమ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "ఎల్లడని చెప్పండి," అంది సైగ చేస్తూ.

"వెళ్ళడండి! నేను పైకొచ్చేదాకా కదలడు."

"ఎల్లేడంటే చెప్పు బాబూ," అన్నాడు నరసింగరావు, ప్రాణం లేచొచ్చి. "మా అప్ప కొచ్చిన్ కూడా ఎల్లి ఆళ్ళావిడ ముందు దులిపేసొస్తాది. కావలిస్తే మరోదాలో పరబ్రహ్మాన్ని అడుగు!"

"నువ్వూరుకోరా." వరలక్ష్మమ్మ లేచి పరమాన్నం గిన్నె అందుకుంది. శ్యామసుందర్ కంచంలో ఒక గరిటె వేసి, ఆగి, ఇంకో గరిటె వేసింది. "చాలు పిన్నిగారూ" అన్నాడతను.

"పిన్నిగారేటి? అత్తయ్యా అనడం రాదా మీ ఊళ్ళో?"

గుమ్మంలో ఎవరూ లేరు. వంటింట్లో గిన్నెలు చప్పుడవుతున్నాయి. ఈసారి చప్పుడు వేరుగా ఉంది, ఏదో పాట వరసలో.

"మీ అమ్మగారికి చెప్పు," అంది వరలక్ష్మమ్మ. "మా ఆయన ఒంటిమీద ఒక్క బొబ్బా లేదని. ఆవిడ వచ్చినప్పుడు చొక్కా విప్పించి చూపిస్తాను."

గురునాథరావుకి పొలమారింది.

అందరూ నవ్వుతున్నారు గదా, ఇక అదునిదే అనుకున్నాడు నరసింగరావు. పొద్దుటినుంచీ బుద్ధిమంతుడిలా ఉండి ఉండి ఒళ్ళంతా దురదగా ఉంది. "తుఫానొచ్చిందిరోయ్!" అని అరిచి, కాలితో బల్లకింది చెక్కముక్కని ఒక్క తన్ను తన్నాడు. బల్ల ధబ్బున ఒరిగింది. పరమాన్నం కంచం కొత్త అల్లుడి ఒళ్ళోకి జారే తమాషా చూద్దామని అతను పళ్ళన్నీ బయటపెట్టాడు.

శ్యామసుందర్ కంచం అంగుళం కూడా కదల్లేదు. గురునాథరావు కంచమూ కదల్లేదు. రెంటికింద నీటుగా మడతపెట్టిన తడిగుడ్డలున్నాయి.

గుడ్డలేని మూడో కంచం మాత్రం, అప్పుడే వేయించుకున్న రెండు గరిటెల వేడి పరమాన్నంతో, మెల్లగా, మర్యాదగా, నరసింగరావు ఒళ్ళోకే వచ్చి ఆగింది.

"మావయ్యా," అంది కుసుమ వంటింట్లోంచి తొంగిచూసి. "ఒక గుడ్డ తక్కువైంది. క్యా కరే!"